రాక్ సంగీతము: పాటయు పాటగాండ్రును

క్రొత్త పాట పుట్టినప్పుడెల్ల పెద్దలు చెవులు మూసికొనుట లోకములో వింత కాదు. జావళీలు వెలసిన దినములలో వానిని విన్నవారు చెడిపోదురని చెప్పినవారు కలరు. నాటకపు పాటలను గూర్చియు, గ్రామఫోను పాటలను గూర్చియు, సినిమా పాటలను గూర్చియు అట్టి మాటలే వినబడినవి. నేడు మన యిండ్లలో పిల్లలు గిటారు చేతబట్టుకొని తల యూచుచుండగా, "ఇదేమి గోల నాయనా!" యని తల్లిదండ్రులు విసుగుకొనుచున్నారు. మా మిత్రులొకరు మొన్న మాతో, "ఈ రాక్ సంగీతము తెల్లవారి త్రాగుబోతుతనమునకు పుట్టిన బిడ్డ. దానికి చరిత్ర యెక్కడిది?" అనిరి. ప్రక్కగదిలో చదువుకొనుచున్న వారి కుమార్తె తలుపు కడకు వచ్చి, "అది తెల్లవారిది కాదు, నాన్నగారూ" అని మెల్లగా ననెను. తండ్రి వినిపించుకొనలేదు. మేము వింటిమి. ఆ బాలిక పలికిన మాటలో నెంత సత్యము కలదో మా చదువరులకు జెప్పవలెనని యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

ఈ చరిత్ర యొక నిషేధముతో నారంభమగుచున్నది. 1619వ సంవత్సరమున వర్జీనియాలోని ఆంగ్లేయుల వలసకు మొదటి ఆఫ్రికా బానిసలు కొనిరాబడిరి. అటుపిమ్మట రెండు వందల యేండ్లకు పైగా ఓడలు వచ్చుచునే యుండెను. దిగినవారికి సొత్తు లేదు, చుట్టములు లేరు; భాషలు సైతము చెదరిపోయినవి. మిగిలినది తాళజ్ఞానము. 1739లో దక్షిణ కెరొలినాలో బానిసలు కొందరు తిరుగబడి, డప్పులు మ్రోగించుచు బారులు తీరి నడచిరి. ఆ తిరుగుబాటు నణచిన యజమానులు మరుసటి యేట, అనగా 1740లో, బానిసలు డప్పులు గాని కొమ్ములు గాని యుంచుకొనరాదని శాసనము చేసిరి. తోలువాద్యమును జూచి ప్రభుత్వము భయపడుట వింతగానే తోచును. కాని యా భయము నిష్కారణమైనది కాదు. డప్పు పోయినను చేతులు పోలేదు. వారు అరచేతులతో తొడలు చరచి, పాదములతో నేల తట్టి తాళము నిలిపిరి. చేలలో నొకడు చరణ మెత్తుకొనగా తక్కినవారందరు బదులు పాడుచు పని సాగించిరి. ఒకరు పిలుచుట, పదుగురు పలుకుట మన యూళ్లలో నాట్లు వేయు స్త్రీలకును, గుళ్లలో భజన చేయువారికిని తెలిసిన పద్ధతియే. రాక్ సంగీతమునకు మొదటి వేరు ఇదియే.

1865లో అమెరికా రాజ్యాంగమునకు చేసిన సవరణతో బానిసత్వము తొలగినది. అయినను నేల యజమానులది, అప్పు కౌలుదారులది. మిసిసిపి నదీప్రాంతమున ప్రత్తి పండించు నల్లవారు పాలికాపులై, ఏటికేడు తీరని ఋణములో మునిగియుండిరి. 1896లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, సమానమైనచో వేరువేరుగా నుంచుట తప్పు కాదని తీర్పు చెప్పెను. అంతట బండిలో వేరు పెట్టె, బడిలో వేరు గది, నీళ్ల కొళాయికి వేరు చోటు, స్మశానములో వేరు మూల ఏర్పడెను. సమానత్వము మాత్రము కాగితము మీదనే నిలిచిపోయెను. ఈ బ్రదుకులోనుండి పుట్టిన పాటకు బ్లూసు అని పేరు. ఆంగ్లమున నీలివర్ణమును జెప్పు మాటకు దిగులను అర్థము కూడ కలదు.

బ్లూసు కట్టడము సులభము. పండ్రెండు కొలతలు, కొలతకు నాలుగు మాత్రలు. ఒక మాట చెప్పి, దానినే మరల చెప్పి, మూడవ పంక్తిలో ముక్తాయింపు నిత్తురు. షడ్జమ మధ్యమ పంచమముల నాధారముగా గొన్న మూడు స్వరకూటములతో పాట యంతయు నడచును. కాని గాంధార నిషాదముల కడ ఆ పాటగాండ్రు పియానో మెట్లకు లొంగరు. సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నెక్కడనో స్వరమును నిలిపి, వంచి, జారవిడుతురు. పాశ్చాత్య పండితులకు మొదట నిది అపస్వరముగా తోచెను. గమకము నెరిగిన తెలుగు చెవికి ఆ వంపులోని యార్తి వెంటనే తెలియును. 1912లో డబ్ల్యు. సి. హాండీ యను నల్లజాతి సంగీతజ్ఞుడు ఇట్టి పాట నొకదానిని స్వరపరచి ముద్రించెను. 1920లో మేమీ స్మిత్తు అను గాయని పాడిన బ్లూసు రికార్డు విపరీతముగా అమ్ముడుపోగా, వర్తకులు కన్నులు తెరచిరి. పేదల చేతిలోనున్న నాణెములకు గూడ విలువ గలదని వారికి తెలిసెను.

అయితే ఆ రికార్డులను తక్కినవానితో కలిపి అమ్మలేదు. వానిని 'జాతి రికార్డులు' అని పేరు పెట్టి వేరు పట్టికలలో చేర్చిరి. మనుష్యుల నెట్లు వేరుచేసిరో పాటల నట్లే వేరుచేసిరి. 1949లో బిల్‌బోర్డు పత్రికవారు ఆ పేరు బాగుగా లేదని తలచి, జెర్రీ వెక్స్లరు అను నుద్యోగి సూచనపై 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చిరి. పేరు మారెనే కాని గోడ కదలలేదు.

ఇంతలో రెండు సంగతులు జరిగినవి. మొదటిది వలస. దక్షిణపు దౌర్జన్యము భరింపలేక, ఉత్తరమున కర్మాగారములలో పని దొరకునని విని, లక్షలాది నల్లవారు రైళ్లెక్కి చికాగో, డెట్రాయిటు మున్నగు పట్టణములకు చేరిరి. 1943లో మిసిసిపి నుండి చికాగోకు వచ్చిన మడ్డీ వాటర్సు అట్టివారిలో నొకడు. పల్లెలో వరండాపై కూర్చుండి వాయించిన గిటారు, పట్టణపు సారాయి దుకాణములోని రద్దీలో వినబడలేదు. కాబట్టి ఆతడు విద్యుచ్ఛక్తితో పలుకు గిటారు చేతబట్టెను. రెండవ సంగతి యీ విద్యుత్తే. లియో ఫెండరు 1950లో గట్టి చెక్కతో చేసిన విద్యుద్గిటారును విరివిగా అమ్మజొచ్చెను. 1952లో గిబ్సన్ కంపెనీవారును అట్టిదానిని వెలువరించిరి. 1949లో నిముషమునకు 45 చుట్లు తిరుగు చిన్న రికార్డు వచ్చెను. 1954లో చేతపట్టుకొని పోదగిన ట్రాన్సిస్టరు రేడియో అంగళ్లకు వచ్చెను. అంతవరకు ఇంటిలోని పెద్ద రేడియో తండ్రి యాజ్ఞకు లోబడియుండెను. దుప్పటి క్రింద పెట్టుకొని వినదగిన చిన్న రేడియో పిల్లల స్వంతమయ్యెను. ఇంటి యజమాని యెరుగకుండ ఇంటిలోనికి వచ్చిన మొదటి యతిథి యీ సంగీతమే.

ఇక్కడ మా సోదరీమణులకు ముఖ్యముగా నొక పేరు చెప్పవలసియున్నది. 1915లో ఆర్కాన్సా రాష్ట్రమున పుట్టిన సిస్టర్ రొజెట్టా థార్పు అను స్త్రీ చిన్ననాడే తల్లితో గూడ దేవాలయములలో పాడుచు గిటారు నేర్చెను. దైవభక్తి పాటలను విద్యుద్గిటారుపై ఆమె వాయించిన తీరు నాటివారికి క్రొత్త. 1944లో ఆమె పాడిన యొక భక్తిగీతము మరుసటి యేట 'జాతి రికార్డుల' పట్టిక కెక్కెను. రాక్ సంగీతమునకు తొలి రికార్డు అదియే యని చెప్పు చరిత్రకారులు కలరు. తరువాత ప్రసిద్ధులైన మగవారు పలువురు ఆమె పాట విని యెదిగినవారే. చర్చిలోని భక్తులు ఆమె సారాయి దుకాణములలో పాడినదని కోపించిరి. సారాయి దుకాణముల వారు ఆమె దేవుని పాటలు పాడుచున్నదని నవ్విరి. ఆమె రెంటికిని లొంగక పాడెను. 1973లో ఫిలడెల్ఫియాలో ఆమె మరణించినప్పుడు సమాధిపై పేరు చెక్కిన రాయి సైతము లేదు. ముప్పదియేండ్లు గడచిన పిదపనే అభిమానులు చందాలు కూర్చి రాయి నిలిపిరి. రాక్ సంగీత కీర్తిశాలలో ఆమెకు స్థానమిచ్చినది 2018లో.

పేరు సంగతి కూడ చూతము. రాక్ అనగా ఊగుట, రోల్ అనగా దొరలుట. నల్లవారి ప్రార్థనామందిరములలో భక్తిపారవశ్యమునకు ఆ మాట చెల్లెను; సారాయి దుకాణములలో దానికి మోటైన యర్థము కలదు. క్లీవ్‌లాండు పట్టణమున అలెన్ ఫ్రీడు అను తెల్లజాతి రేడియో ప్రయోక్త, రాత్రివేళ నల్లవారి రికార్డులు వేయుచు ఆ పేరును వ్యాపింపజేసెను. 1952 మార్చి 21వ తేదీన ఆతడేర్పరచిన సభకు, ఆ మందిరము పట్టునంతకు మించి వేలకొలది జనులు వచ్చి తలుపులు త్రోసికొని లోపల ప్రవేశింపగా, సభ మొదలైన కొలదిసేపటికే అధికారులు దానిని నిలిపివేసిరి. ఈ సంగీతము నాపలేమని వర్తకులకు ఆ రాత్రియే తెలిసియుండవలెను.

తరువాతి కథ న్యాయాన్యాయములతో పెనవేసికొన్నది గావున నిదానముగా చెప్పుదుము. 1952లో బిగ్ మామా థార్న్‌టన్ అను నల్లజాతి గాయని 'హౌండ్ డాగ్' అను పాట పాడెను. దానిని వ్రాసినవారు లీబరు, స్టోలరు అను యూదు యువకు లిద్దరు. మరుసటి యేట అది నల్లవారి పట్టికలో ప్రథమస్థానమున నిలిచెను. తనకు ముట్టినది 500 డాలర్ల చెక్కు ఒకటి మాత్రమేయని ఆమె తరువాత చెప్పెను. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడగా లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినవి. ఆ ప్రెస్లీ 1954 జూలై 5న మెంఫిస్ నగరమున శామ్ ఫిలిప్సు రికార్డింగుశాలలో పాడి పేరు తెచ్చుకొన్న తొలి పాటయు ఆర్థర్ క్రూడప్ అను నల్లవాని రచనయే. క్రూడప్‌నకు దక్కవలసిన రచయిత భాగములో దక్కినది స్వల్పము. ఆతడు పాట విడిచి కూలిపని చేసికొని బ్రదికి 1974లో చనిపోయెను.

ప్రెస్లీని దొంగ యనుట మా యభిప్రాయము కాదు. ఆతడు పేదవాడు, నల్లవారి వీధుల ప్రక్కను పెరిగి, వారి పాటను నిజముగా ప్రేమించినవాడు. ఆ పాటలు ఎవరియొద్ద నేర్చితినో ఆతడు దాచలేదు. లోపము వ్యవస్థలో నుండెను. ఒకే పాట నల్లవాని గొంతున వచ్చినప్పుడు కొన్ని రేడియోలు వేయవు. తెల్లవాడు పాడినప్పుడు వేయును. 1955లో లిటిల్ రిచర్డు పాడిన 'టూటీ ఫ్రూటీ'ని పాట్ బూను మర్యాదగా సవరించి పాడగా, మూలము కన్న నకలునకు పట్టికలో పైస్థానము దొరకెను. అదే యేట చక్ బెర్రీ తన తొలి రికార్డును తెచ్చినప్పుడు, రచయితలుగా ఆతనితో పాటు అలెన్ ఫ్రీడు పేరును, మరియొకని పేరును కనబడినవి. రేడియోలో మాటిమాటికి వేయుటకు అది ప్రతిఫలము. బెర్రీకి తన పాటపై పూర్తి హక్కు 1986లో గాని రాలేదు. నల్లవారి పాటను లోకమునకు వినిపించిన ఫ్రీడే వారి ఆదాయమున భాగము గొనుట చూడగా, ఉపకారమునకును అపహారమునకును నడుమ నెంత సన్నని గీత కలదో తెలియుచున్నది.

ఇన్ని యన్యాయముల నడుమను పాట తన పని చేసెను. దక్షిణ రాష్ట్రములలో కచేరీ జరుగునప్పుడు మందిరము నడుమ త్రాడు కట్టి, ఒకవైపు తెల్లవారిని, ఒకవైపు నల్లవారిని ఉంచెడివారు. మేడమీద ఒకరు, నేలమీద ఒకరు కూర్చుండుటయు కలదు. పాట వేడెక్కిన కొలది పిల్లలు త్రాటిని మరచి యొక్కటిగా ఆడుచుండిరని ఆ కాలపు వాద్యగాండ్రు పలువురు చెప్పియున్నారు. 1954 మే 17న అత్యున్నత న్యాయస్థానము బడులలో జాతిభేదము చెల్లదని తీర్పు చెప్పిన దినములవి. ఏకాంతముగా నుంచవలసినవారు ఏకముగా ఆడుట చూచి వర్ణభేదవాదులు గుండెలు బాదుకొనిరి. అలబామాలో వారి సంఘములు రాక్ సంగీతమును బహిష్కరింపుడని ప్రచారము చేసినవి. 1956 ఏప్రిల్ 10న బర్మింగ్‌హామ్ పట్టణమున తెల్లవారి సభలో నాట్ కింగ్ కోల్ అను ప్రసిద్ధ గాయకుడు పాడుచుండగా, ఆ సంఘములతో సంబంధముగల మనుష్యులు వేదిక యెక్కి ఆతనిని పడగొట్టిరి. ఆతడు పాడునది రాక్ సంగీతమే కాదు, మృదువైన ప్రేమగీతములు. వారికి కావలసినది పాట కాదని, పాడువాని వర్ణమని యిందువలన స్పష్టమగుచున్నది.

ఇచ్చట మేము కొంచెమాగి మన యిల్లు చూచుకొందుము. మన పల్లెలలో డప్పు లేనిదే జాతర లేదు, చాటింపు లేదు, శవము లేవదు. సన్నాయి లేనిదే మంగళసూత్రము కట్టరు. కాని తరతరములుగా డప్పు వాయించినవాడు ఊరి వెలుపలనే యుండెను. సన్నాయి యూదినవాడు పందిరి యంచున కూర్చుండి, అందరు తినిన పిమ్మట విస్తరి వేయించుకొనెను. పాటకు మైల లేదట, పాడినవానికి మైల యట! అమెరికావాని త్రాటిని చూచి నవ్వుటకు ముందు మన పందిళ్లలోని త్రాడు తెగినదో లేదో చూచుకొనవలెను. కొన్ని యూళ్లలో అది తెగినది. కొన్ని యూళ్లలో ముడి వదులైనది మాత్రమే.

మరల కథకు వత్తము. అమెరికాలో వేరుచేయబడిన పాట సముద్రము దాటి ఇంగ్లాండు రేవుపట్టణములకు చేరెను. లివర్‌పూలు నగరపు శ్రామికుల బిడ్డలు నలుగురు బీటిల్సు అను పేర చక్ బెర్రీ పాటలను, లిటిల్ రిచర్డు పాటలను పాడుకొని నేర్చి, తరువాత తమ పాటలు తామే కట్టుకొనిరి. 1964 ఫిబ్రవరి 9న వారు అమెరికా టెలివిజనులో పాడినప్పుడు 7 కోట్ల 30 లక్షలమంది చూచిరని లెక్క. అదే సంవత్సరము సెప్టెంబరులో ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ నగరమున ప్రేక్షకులను వర్ణమునుబట్టి వేరుగా కూర్చుండబెట్టినచో తాము పాడమని వారు తెగేసి చెప్పిరి. 11వ తేదీన కచేరీ భేదము లేకయే జరిగెను. రోలింగ్ స్టోన్సు అను మరియొక ఆంగ్లబృందము తన పేరునే మడ్డీ వాటర్సు పాటనుండి తీసికొన్నది. 1965లో వారు అమెరికా టెలివిజనుకు వచ్చునప్పుడు హౌలిన్ వుల్ఫ్ అను వృద్ధ బ్లూసు గాయకుని గూడ పిలిపించి, ఆతడు పాడుచుండగా పాదముల కడ కూర్చుండి వినిరి. తమ గడపలోని పెద్దను తమకు చూపుటకు పరదేశపు కుఱ్ఱవాండ్రు రావలసివచ్చినదని అమెరికావారిలో కొందరైనను సిగ్గుపడియుందురు.

ఆ దశాబ్దమున రాక్ సంగీతము ప్రేమగీతములతో తృప్తిపడక లోకవ్యవహారములకు దిగెను. జానపద గాయకుడుగా పేరొందిన బాబ్ డిలన్ 1965 జూలై 25న న్యూపోర్టు ఉత్సవమున విద్యుద్గిటారు పట్టి పాడగా సభలో కొందరు కేకలువేసిరి. 2016లో ఆతనికే సాహిత్యమున నోబెలు బహుమానము వచ్చెను. 1969 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రపు పాడిపొలములో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవమునకు సుమారు నాలుగు లక్షలమంది యువజనులు వచ్చిరి. వియత్నాము యుద్ధము సాగుచున్న ఆ దినములలో జిమీ హెండ్రిక్సు తన దేశపు జాతీయగీతమును గిటారుపై వాయించుచు, నడుమ బాంబుల మ్రోతను, సైరనుల యేడ్పును ఆ తీగలతోనే పలికించెను. ఒక్క మాటయు పాడకయే ఆతడు చెప్పినది వినువారికి తెలిసెను. ఆ ఉత్సవపు మొదటి దినమున మన రవిశంకరుగారును సితారు వాయించిరి.

రవిశంకరుగారి మాట వచ్చినది గావున మనవారి సంబంధమును జెప్పుదుము. బీటిల్సులోని జార్జి హారిసన్ 1966లో ఆయనకు శిష్యుడై సితారు నేర్చెను. 1970 నవంబరు తుపానునకు పిమ్మట యుద్ధమునకు గురియైన తూర్పు బెంగాలునుండి కోటిమంది కాందిశీకులు మన దేశమునకు పరుగెత్తివచ్చుచుండగా, గురువు శిష్యుని సాయమడిగెను. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో వారేర్పరచిన రెండు కచేరీలకు సుమారు 40,000 మంది వచ్చిరి. వసూలైన 2,43,000 డాలర్లకు పైబడిన సొమ్ము ఐక్యరాజ్యసమితివారి బాలల నిధికి చేరెను. నాడు అలీ అక్బర్ ఖానుగారితోను అల్లా రఖాగారితోను గూడి రవిశంకరుగారు శ్రుతి చేసికొనుచుండగనే సభ్యులు కచేరీ యనుకొని చప్పట్లు కొట్టిరి. ఆయన నవ్వుచు శ్రుతియే ఇంత నచ్చినచో వాద్య మింకను నచ్చునని చెప్పెను. కరవునకును పీడితులకును సంగీతము ద్వారా నిధి కూర్చు మార్గము ఈ సభతోనే బాగుగా తెరువబడినది. 1985లో ఇథియోపియా క్షామమునకై లండనులోను ఫిలడెల్ఫియాలోను జరిగిన సభలు దీనికి వారసులు.

నిరంకుశులకు మాత్రము ఈ సంగీతము కంటగింపు. సోవియటు దేశమున నిషిద్ధ సంగీతమును యువకులు వైద్యశాలలలో పారవేసిన ఎక్స్‌రే పటములపై గీయించి రహస్యముగా అమ్మిరి. ఎవరిదో విరిగిన ప్రక్కటెముక బొమ్మపై పాట తిరుగుచుండెను. వారు దానిని ఎముకలపై సంగీతమనిరి. చెకొస్లొవేకియాలో 'ప్లాస్టిక్ పీపుల్' అను బృందమువారిని, వారి మిత్రులను 1976లో పట్టుకొని విచారించి చెరసాలలో పెట్టిరి. వారు రాజకీయవేత్తలు కారు. తమకు తోచిన పాట తాము పాడుకొందుమనుటయే వారి నేరము. ఆ విచారణను కన్నులార చూచిన నాటకకర్త వాట్స్‌లావ్ హావెల్, నేడు గిటారువానికి పట్టిన గతి రేపు ప్రతి పౌరునికి పట్టునని గ్రహించి, స్నేహితులతో గూడి 1977 జనవరిలో పౌరహక్కుల ప్రకటనను వెలువరించెను. ఆయనయు చెరసాల కేగెను. 1989 డిసెంబరులో ఆయనయే ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను.

గుణములు చెప్పి దోషములు దాచుట మా పద్ధతి కాదు. మా మిత్రుని కోపమున కొంత న్యాయము కలదు. మత్తుపదార్థములు ఈ సంగీతపు వేదికలపై బహిరంగముగా తాండవించినవి. హెండ్రిక్సు, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్ 1970-71 సంవత్సరములలో, ఒక్క యేడాది గడువకుండ, ఇరువదియేడేండ్ల ప్రాయముననే కన్నుమూసిరి. 1969 డిసెంబరున కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ సభలో కాపలాకు నిలిపిన ముఠావారే ఒక నల్లజాతి యువకుని పొడిచి చంపిరి. స్వాతంత్ర్యమును గూర్చి పాడిన మగవారిలో పలువురు స్త్రీలను సాటి మనుష్యులుగా చూడలేదు. వాద్యములను తగులబెట్టుటయు, సభలోని మత్తును చూచి రవిశంకరుగారు మనసు నొచ్చుకొని, అట్టి ఉత్సవములకు దూరమైరి. మరియు 1976లో, నల్లవారి బ్లూసుతోనే కీర్తి గడించిన యొక యాంగ్ల గిటారు విద్వాంసుడు వేదికపైనుండి వలసవచ్చినవారిని నిందించెను. దానికి జవాబుగా అదే యేట జాతివైరమునకు ప్రతికూలముగా రాక్ సంగీతజ్ఞులును వారి శ్రోతలును ఉద్యమము నారంభించి, 1978 ఏప్రిల్ 30న లండనులో వేలకొలది జనులతో ఊరేగింపును సభను జరిపిరి. రోగమును ఔషధమును ఒకే చెట్టున కాచినవి.

ఋణము మాటేమి? ఆలస్యముగానైనను కొంత తీరినది. విల్లీ డిక్సన్ అను బ్లూసు కవి, తన పదములను లెడ్ జెపెలిన్ బృందమువారు 1969 నాటి పాటలో వాడుకొన్నారని 1985లో వ్యాజ్యము వేయగా రెండేండ్లకు రాజీ కుదిరెను. రూత్ బ్రౌన్ అను గాయని, ఏబదులలో తన గొంతుచే ధనవంతమైన రికార్డు కంపెనీతో తనకు రావలసిన భాగమునకై యేండ్లతరబడి పోరాడెను. ఒకానొకప్పుడు ఆమె పరుల యిండ్లలో పనిచేసి జీవించెను. ఆ పోరాటమువలన ఆమెకు ధనము వచ్చుటయే గాక, 1988లో వృద్ధులైన గాయనీ గాయకులకు సాయపడు నిధి ఏర్పడెను. ఒక స్త్రీ మొగమాటము విడిచి లెక్క అడిగినందున పదుగురికి కూడు దొరకెను. మన పల్లె కళాకారుల పాటలను ఎత్తుకొని సినిమాలలో పెట్టువారు ఈ సంగతిని మనసున నుంచుకొనవలెను.

విద్యుద్వాద్యము మన సంగీతమును చెరచునని భయపడువారికి పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాసును చూపుదుము. పాశ్చాత్య వాద్యమైన మాండొలినును, అందునను విద్యుత్తుతో పలుకుదానిని చేతబట్టి ఆ బాలుడు కర్ణాటక సంగీతసభల కెక్కినప్పుడు, దీనిపై గమకములు పలుకునా యని పండితులు శంకించిరి. ఆతడు పలికించెను. పిమ్మట రాక్ జాజ్ బృందముల నాయకుడైన జాన్ మెక్లాగ్లిన్ ప్రక్కను గూర్చుండి దేశదేశముల వాయించి, 2014లో అకాలముగా గతించెను. యంత్రమునకు కులము లేదు, మతము లేదు. దానిని పట్టిన చేతిలో శ్రుతి యుండవలెను.

చివర నొక్క సంగతి. 1977లో అమెరికావారు వాయేజరు అను రెండు నౌకలను ఆకాశమునకు పంపిరి. ఎన్నడైన నెవరైన వినకపోదురా యని వానిలో బంగారుపూత రికార్డు నమర్చిరి. అందు మన కేసర్‌బాయి కేర్కరుగారి భైరవి కలదు. చక్ బెర్రీ పాట కలదు. బ్లైండ్ విల్లీ జాన్సన్ అను నంధుడు 1927లో మాటలు లేక మూలుగుచు పాడిన భక్తిగీతము కలదు. ఈ జాన్సన్ వీధులలో పాడుకొని బ్రదికి 1945లో టెక్సాసులో కడు బీదతనమున మరణించెను. 2012లో మొదటి వాయేజరు సూర్యుని ప్రభావమండలమును దాటిపోయెను. తెల్లవారి భోజనశాలలో గడప త్రొక్కనియ్యని యంధుని గొంతును, మానవజాతికంతకు ప్రతినిధిగా సూర్యుని సరిహద్దు దాటించిరి.

మా మిత్రుని యింటికి మేము మరల పోయినప్పుడు ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆయనకు చదివి వినిపించితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత కుమార్తెను పిలిచి, "ఆ థార్పమ్మ పాట యేదో పెట్టు, తల్లీ" అనిరి. పాట ముగిసిన పిమ్మట ఆయన మాతో, "మా పెద్దమ్మాయి పెండ్లికి సన్నాయి వాయించినవారికి మనమెక్కడ విస్తళ్లు వేసితిమి?" అని యడిగిరి. ఆ పెండ్లికి మేమును పోయియుంటిమి. మాకును జ్ఞాపకము లేదు.